నాలుగు ఛానళ్లు, ఒక గేదె

శబ్దం అనుమతి లేకుండా పుట్టవచ్చు. అనుమతి లేకుండా పెరగడానికి మాత్రం వీల్లేదు. మా మండల హెచ్చరికల విభాగం ఈ ఒక్క సూత్రం మీద నిలబడి ఉంది. (విభాగం భవనం దేని మీద నిలబడి ఉందో ఇంజనీర్లు ఇంకా తేల్చలేదు.) కాబట్టి చిన్న శబ్దాన్ని పెద్ద శబ్దంగా మార్చే పరికరం ఒకటి మా కారులో పెట్టవలసి వచ్చినప్పుడు, దాన్ని ఏడు నెలల పాటు పరీక్షించామంటే ఎవరూ ఆశ్చర్యపోనక్కరలేదు. తొందరపడ్డామనే మాలో కొందరి అభిప్రాయం.

నా పేరు మోహనకృష్ణ. ఈ విభాగంలో సీనియర్ అసిస్టెంటును. మండలం పేరు చెప్పను, చెబితే నాకు మెమో వస్తుంది. చీపురుపల్లి నుంచి బస్సులో ముప్పావు గంట అని మాత్రం చెప్పగలను. కొండ కింద చిన్న జలాశయం ఉంది. దాని గేట్లు ఎత్తితే నీళ్లన్నీ తాటిగెడ్డలో పడతాయి. గెడ్డ అంటే మా వైపు వాగు. గేట్లు ఎత్తే ముందు గెడ్డ పక్క ఊళ్లకు కారు మీద మైకు పెట్టుకుని వెళ్లి చెప్పడం మా విధి. చెప్పడం మా పని, వినడం వాళ్ల పని. ఈ పని పంపకం చాలా ఏళ్లు సజావుగా నడిచింది.

దాన్ని చెడగొట్టింది తాటిగెడ్డవలసకు చెందిన జగ్గమ్మ. కిందటి ఏడాది వానల్లో ఆమె పాడిగేదె గెడ్డలో కొట్టుకుపోయింది. ఆవిడ సోమవారం గ్రీవెన్సుకు వచ్చి, ఎదురుగా కుర్చీ ఉన్నా నేల మీద కూర్చుని, మా ఉప హెచ్చరికాధికారి గణపతిరావు గారిని నిలదీసింది.

"నీ కారు ఒచ్చిందట బాబూ, అరిసిందట. మా వలసలో ఒక్కడికీ ఇనపడ్నేదు. మరి ఎవుడికి సెప్పినారు?"

"ఎడమ చెవి వినబడదని నువ్వే చెప్పావు కదమ్మా," అన్నారు గణపతిరావు గారు.

"నాకు ఒక సెవి నేదు సరే. వలసకంతటికీ నేదేటి?"

విచారణ జరిపించాం. జగ్గమ్మ మాట నిజమేనని తేలడం మమ్మల్ని బాధించింది. మా కారు మీద ఉన్నది ఒక్కటే హారన్. అది ముందుకు చూస్తుంది. రోడ్డు తిన్నగా పోతుంది. తాటిగెడ్డవలస రోడ్డుకు ఎడమ పక్కన, గెడ్డకు అవతల ఉంది. ముందు ఉన్నవి జీడి తోటలు. ఆ రోజు హెచ్చరికను జీడి చెట్లు పూర్తిగా విన్నాయి. ఒక్క చెట్టు కూడా కొట్టుకుపోలేదు.

కారు పైన నాలుగు మూలలా నాలుగు హారన్లు, వాటికి ఒక ఫోర్ ఛానల్ ఆంప్లిఫయర్ మంజూరయ్యాయి. ఒక్కో ఛానల్ ఒక్కో హారన్‌కి. ఏ పక్క ఊరు ఉంటే ఆ పక్క గొంతు పెంచుకోవచ్చు. మా డ్రైవరు పోతురాజు చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో కారు మ్యూజిక్ సిస్టమ్‌లు బిగించే రేఖ దగ్గరికి బండి తీసుకువెళ్లాడు. రేఖ నోట్లో స్క్రూలు పెట్టుకుని పని చేస్తుంది, స్క్రూలు తీసి నిజం చెబుతుంది.

"డబ్బా మీద రాసిన వాట్లు నమ్మకు మావా. అది పెళ్లిసూపుల్లో సెప్పే జీతం లాటిది. బిగించి సూద్దాం," అంది.

బిగించింది. నేల తీగ (ఎర్తు వైరు) తగిలించే చోట కారు రంగు గీకి, వట్టి ఇనుము తేలాక బిగించింది. రంగు మీద బిగిస్తే గురగురమంటుందట. ఒక్కో హారన్‌ను విడిగా పెట్టి, పోతురాజు చేత ఒకే మాట నాలుగు సార్లు చెప్పించింది. ఇంజన్ రేసు చేయించి, ఆ రొద హారన్లలోకి వస్తున్నదేమోనని చెవి పెట్టి విన్నది. అరగంట ఆపకుండా వాగించి, ఆంప్లిఫయర్ మీద అరచెయ్యి పెట్టి చూసింది. చెయ్యి పెట్టగలిగింది, కాబట్టి వేడి ఫరవాలేదు. నోట్‌బుక్కులో అరకాగితం చింపి రాసిచ్చింది: "నాలుగూ బాగా పలుకుతున్నాయి. వెనక రెండు ఛానళ్లు బ్రిడ్జ్ చేసి (కలిపి) ఒక పెద్ద హారన్‌కి ఇస్తే ఇంకా దూరం వెళ్తుంది."

ఇదంతా ఒక పూటలో అయిపోయింది. అంత తేలిగ్గా అయిపోయేది పరీక్ష ఎలా అవుతుంది?

గణపతిరావు గారు ఆ అరకాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, పోతురాజును పిలిచారు.

"ఇది ఏ ఛానల్‌లో వచ్చింది?"

"నాలుగు ఛానళ్లూ వస్తన్నాయి సార్."

"అది కాదయ్యా. ప్రాపర్ ఛానల్ ఏది?"

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఏ కాగితమైనా ప్రాపర్ ఛానల్ ద్వారానే రావాలని పోతురాజు వింటూనే ఉన్నాడు. అదెక్కడుంటుందో మాత్రం ఎవరూ చూపించలేదు. ఇన్నాళ్లకు చూపించే అవకాశం తనకే వచ్చింది. నిఠారుగా నిలబడి చెప్పాడు.

"డ్రైవరు పక్కది సార్. అదే మహ బాగా పలుకుతాది."

నేను ఆ మాటను యథాతథంగా ఫైలులో రాశాను. ఆ రోజు నుంచి మా విభాగం రికార్డుల్లో ప్రాపర్ ఛానల్ అంటే కారు పైన ముందు కుడి హారన్.

ముగ్గురితో మూల్యాంకన కమిటీ వేశారు. గణపతిరావు గారు అధ్యక్షులు, నేను కన్వీనరు, స్టోర్సు చూసే కన్యాకుమారి గారు సభ్యురాలు. ఆంప్లిఫయర్లకు విడిగా ఫారం లేదు కాబట్టి, పింఛను ఫారాన్నే కొద్దిగా మార్చుకున్నాం. తండ్రి లేక భర్త పేరు అన్న చోట తయారీ కంపెనీ పేరు రాశాం. పుట్టుమచ్చలు అన్న చోట కన్యాకుమారి గారు పరికరాన్ని నాలుగు వైపులా తిప్పి చూసి, "వెనక వైపు ఒక గీత" అని రాయించారు. జీవించి ఉన్నట్లు ధ్రువీకరణ మాత్రం ప్రతి నవంబరులోనూ ఇవ్వాలి.

తర్వాత ఛానళ్ల సంగతి వచ్చింది. గణపతిరావు గారు పూర్వాశ్రమంలో కాలువల శాఖలో పనిచేశారు. ఆయన దృష్టిలో ఛానల్ అంటే కాలువే. (మా వైపు రైతులు కూడా పొలానికి నీళ్లొచ్చే కాలువను ఛానల్ అనే అంటారు కనుక, ఆయనను తప్పుపట్టడానికి లేదు.) నాలుగు ఛానళ్లు ఉన్నాయంటే ఆయకట్టు ఎంతో తేలాలి కదా. కాలువల శాఖకు లేఖ రాశాం. రెండు నెలలకు జవాబు వచ్చింది. అటువంటి ఛానళ్లు తమ పరిధిలో లేవని, ఉన్నాయని రుజువైతే పూడిక తీయడానికి నిధులు లేవని, శివారు ఛానల్‌కు ఎప్పుడూ అన్యాయమే జరుగుతుంది కాబట్టి నాలుగో ఛానల్ మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టాలని అందులో ఉంది. మేము శ్రద్ధ పెట్టాం. నాలుగో హారన్‌ను వారానికోసారి గుడ్డతో తుడిచాం.

ఇక బ్రిడ్జి. "రెండు ఛానళ్లు బ్రిడ్జ్ చేస్తే" అని రేఖ రాసింది. కాలువ మీద వంతెన కట్టడం మా చేతిలో పని కాదు. వంతెనల విభాగానికి పంపాం. వాళ్ల ఇంజనీరు టేపు పట్టుకుని స్వయంగా వచ్చాడు. కారు డిక్కీ ఎత్తించి, మూడో ఛానల్‌కు నాలుగో ఛానల్‌కు మధ్య దూరం కొలిచాడు. ఒకటిన్నర అంగుళం వచ్చింది. తన సర్వీసులో ఇంత చిన్న వంతెన చూడలేదని సంతోషించి, తేలికపాటి వాహనాలకు మాత్రమే అన్న షరతు మీద ఆమోదించాడు. ఇరవై రోజుల్లో ఉత్తర్వు చేతికొచ్చింది.

తాటిగెడ్డ మీద వంతెన కావాలని వలసవాళ్లు అడగబట్టి ఇరవై ఏళ్లయింది. ఇప్పటికీ అక్కడ ఉన్నది నేలబారు కాజ్‌వే. మోకాలి లోతు నీళ్లొస్తే ఊరు అటు, లోకం ఇటు. "బ్రిడ్జి సాంక్షన్ అయిపోనాదట గదా బాబూ!" అని జగ్గమ్మ ఆ వారం సంతోషంగా వచ్చింది. ఎక్కడో చూపించమంది. పోతురాజు డిక్కీ ఎత్తి చూపించాడు. ఆవిడ వంగి చాలాసేపు చూసింది.

"దీని మీంచి నా గేదె ఎల్తాదేటి?"

అది సూడి గేదె. పోయినదాని తర్వాత, కాయకష్టం చేసి తెచ్చుకున్నది. కార్తీకంలో ఈనుతుందని వచ్చినప్పుడల్లా చెప్పేది. ఆవిడకు భూమి లేదు, మనిషి లేడు. ఆ గేదె ఈనితేనే ఇంట్లో పొయ్యి. ఈ వివరాలు మా ఫారంలో ఎక్కడా పట్టలేదు, అయినా ఎందుకో నాకు గుర్తుండిపోయాయి.

అసలు శబ్ద పరీక్ష శ్రావణమాసంలో పెట్టుకున్నాం. కార్యాలయ ఆవరణలో మైకు వాడడానికి అనుమతి కోసం దరఖాస్తు చేశాం. ఏ మేరకు శబ్దం వస్తుందో రాస్తే తప్ప అనుమతి ఇవ్వలేమన్నారు. అనుమతి ఇస్తే తప్ప ఏ మేరకు శబ్దం వస్తుందో తెలియదు. ఇలాంటి చోట అల్పులు ఆగిపోతారు. గణపతిరావు గారు ఆగలేదు. శబ్దం లేకుండా పరీక్ష జరపాలని నిర్ణయించారు.

నాలుగు ఛానళ్ల మీటలూ సున్నాకు తిప్పించారు. పోతురాజు మైకు పట్టుకుని ఆంప్లిఫయర్ స్విచ్చి వేశాడు. ఎర్రదీపం వెలిగింది. ముగ్గురం కుర్చీల్లో కూర్చుని పావుగంట శ్రద్ధగా విన్నాం. బిగింపు బాధ్యత తనదని పిలిపించిన రేఖ తలుపు దగ్గర నిలబడి, చివరికి ఉండబట్టలేక అడిగేసింది.

"సార్, సౌండే పెట్టకుండా ఏటి వింటన్నారు?"

"సౌండు పెడితే వినబడేది సౌండమ్మా. మేం పరీక్షిస్తున్నది ఆంప్లిఫయర్ని," అన్నారు ఆయన.

రేఖ నా వైపు చూసింది. నేను ఫైలు వైపు చూశాను. ఫలితాలు అద్భుతంగా వచ్చాయి. ఒక్క ఛానల్‌లో కూడా గురగుర లేదు. గొంతు చీలడం లేదు. ఇంజన్ రొద లేదు. వేడి అసలే లేదు. తన ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత నిర్మలమైన పరికరం చూడలేదని గణపతిరావు గారు స్వహస్తాలతో రాశారు.

నిబంధనల ప్రకారం ప్రజలు కూడా వినాలి. ఫిర్యాదు చేసింది జగ్గమ్మే కాబట్టి ప్రజలుగా ఆవిడనే పిలిపించాం. మళ్లీ ఎర్రదీపం వెలిగించాం.

"వినబడిందా అమ్మా?"

"ఏటి ఇనపడాల బాబూ?"

ప్రజలకు చెవుడు అని నమోదు చేశాం. ఆవిడ వెళుతూ వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, "వానలు దిగతన్నాయి బాబూ, బేగి సూసుకోండి," అంది. బేగి అంటే మా వైపు త్వరగా అని. మా విభాగంలో ఆ మాటకు అర్థం లేదు.

పరీక్ష పూర్తయిన నమూనాను ఎవరూ తాకకూడదు. ఆంప్లిఫయర్‌ను కారులోంచి ఊడదీసి, గుడ్డలో చుట్టి, లక్క సీలు వేసి బీరువాలో పెట్టాం. తుది నివేదికకు ఒక్క కాలమ్ మిగిలింది: క్షేత్రస్థాయి ఫలితం. అంటే నిజమైన హెచ్చరిక జరిగినప్పుడు ఎన్ని గడపలకు వినబడిందో రాయాలి. అది రాసేదాకా సీలు తీయకూడదు. సీలు తీయందే హెచ్చరిక జరగదు. ఈ చిక్కును వచ్చే సమావేశంలో చర్చించాలని తీర్మానించాం. పాత హారన్‌ను అప్పటికే కండెమ్ చేసేశాం కాబట్టి అది ఇనుప సామాన్లలో చేరింది.

దసరా వెళ్లిన గురువారం. రెండు రోజులుగా ముసురు. మధ్యాహ్నం రెండు కావస్తుండగా జలాశయం నుంచి ఫోను వచ్చింది. కొండ మీద వాన ఎక్కువైంది, గేట్లు ఎత్తుతున్నాం, ఊళ్లకు చెప్పుకోండి అని.

పోతురాజు పరుగున వచ్చాడు. "సార్, బీరువా తీయండి సార్. పది నిమసాల్లో బిగించేస్తాను. రేఖ నాకు నేర్పింది."

"సీలు తీయడానికి ముగ్గురం ఉండాలయ్యా," అన్నారు గణపతిరావు గారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. "కన్యాకుమారి గారు సెలవు. ఇద్దరమే ఉన్నాం."

"సార్, ఊరు మునిగిపోతాది సార్!"

"మునిగితే మళ్లీ పరిహారం ఇస్తాం. సీలు పగిలితే మళ్లీ వేయలేం."

బీరువా తాళం నా జేబులో ఉంది. ఈ విషయం ఫైలులో ఎక్కడా లేదు, అందుకని ఇక్కడ రాస్తున్నాను. నా జేబులోనే ఉంది. నేను చెయ్యి పెట్టి దాన్ని తడుముకున్నాను కూడా. తియ్యలేదు. సిగ్గేసింది. అప్పుడూ వేసింది, ఇప్పుడూ వేస్తున్నది.

పోతురాజు మమ్మల్నిద్దరినీ చూసి, ఒక మాట అన్నాడు. (రాయదగింది కాదు.) కారు తీసుకుని వట్టి చేతులతో పోయాడు. అతను వెళ్లేసరికి కాజ్‌వే మీద మోకాలి లోతు నీళ్లు వచ్చేశాయి. బండి దాటదు, మనిషి దాటడు. అవతలి గట్టు మీద నెత్తిన గోనెపట్టా కప్పుకుని జగ్గమ్మ కనిపించింది.

"ఒలె జగ్గమ్మప్పా! గేట్లెత్తేసినారు! గెడ్డ వచ్చేస్తంది! ఊర్లో సెప్పు!"

మూడోసారికి కుడి చెవి అటు తిప్పి విన్నది. ఊరు గట్టుకు ఎగువన ఉంది. గేదె దిగువ మలుపులో ఇసుక మేట మీద గుంజకు కట్టేసి ఉంది. ఆవిడ ఒకసారి దిగువకు చూసిందట. రెండడుగులు అటు వేసి, మళ్లీ తిరిగి ఎగువకు పరిగెత్తిందట. ఇదంతా ఇవతల గట్టు మీద నిలబడి పోతురాజు చూశాడు. తర్వాత అతను ఎవరికి చెప్పినా ఈ రెండడుగుల దగ్గర ఆగిపోయేవాడు.

జగ్గమ్మ తన ఇంట్లోంచి స్టీలు కంచం, గరిటె తీసుకుని వీధుల్లో పడింది. "లెగండ్రా! గొడ్లిప్పండి! పిల్లల్ని తియ్యండి! గెడ్డొస్తంది!" గొంతు పోయేదాకా అరిచింది. కంచం సొట్టపోయింది. పల్లపు వీధిలో ఉన్న ముసలివాళ్లను మోసుకుని, పిల్లల్ని చంకనేసుకుని, గొడ్లను తోలుకుని జనమంతా బడి మెట్ట మీదికి ఎక్కారు. అరగంటకు గెడ్డ వచ్చింది. పల్లపు వీధి మునిగింది. ఒక్క మనిషి పోలేదు. ఊళ్లో ఉన్న గొడ్డు ఒక్కటీ పోలేదు.

నీళ్లు తీశాక దిగువ మలుపులో గుంజ ఉంది. తాడు ముక్క ఉంది.

మూడో రోజు కమిటీ మొత్తం క్షేత్రస్థాయి పరిశీలనకు వెళ్లింది. కన్యాకుమారి గారు కూడా సెలవు తగ్గించుకుని వచ్చారు. బురదలో ఇంటింటికీ తిరిగి అడిగాం.

"హెచ్చరిక వినబడిందా?"

"ఎందుకినబడదు బాబూ, బాగా ఇనపడినాది."

నూట నలభై మూడు గడపలు. నూట నలభై మూడు చోట్లా వినబడింది. ఎవరి నోట వినబడిందన్న కాలమ్ ఫారంలో లేదు. హెచ్చరిక చేయవలసింది మా విభాగమే, అందుకు మాకున్న పరికరం ఒక్కటే కాబట్టి సందేహానికి తావు లేదు. గణపతిరావు గారికి కళ్లు చెమర్చాయి. బీరువాలో సీలు చెక్కుచెదరకుండా ఉండగానే ఊరంతటికీ వినిపించిన ఆంప్లిఫయర్ ఇంకెక్కడైనా ఉందా? నూటికి నూరు మార్కులు వేశాం. జిల్లా స్థాయిలో ఉత్తమ పరికరం ప్రశంసాపత్రం వచ్చింది. అద్దం కట్టించి బీరువా తలుపుకు తగిలించాం.

తర్వాతి సోమవారం జగ్గమ్మ గేదె పరిహారం ఫారం పట్టుకుని వచ్చింది. ఈసారి కూడా నేల మీదే కూర్చుంది. గొంతు ఇంకా రాలేదు, గుసగుసగా మాట్లాడుతోంది. పోతురాజు పక్కన నిలబడ్డాడు. తొమ్మిదో కాలమ్ దగ్గర గణపతిరావు గారు ఆగారు.

"నష్టానికి ముందు హెచ్చరిక విన్నారా, అని ఉంది. వినకపోతే పరిహారం వస్తుంది. విని కూడా పశువును వదిలేస్తే నిర్లక్ష్యం కింద రాదు. ఏమని రాయాలమ్మా? విన్నావా?"

"సార్, ఊరికి సెప్పింది ఆవిడే సార్!" అన్నాడు పోతురాజు.

"అదే నేనూ అంటున్నాను. వినకుండా ఎలా చెబుతుంది? వలసలో అందరికంటే ముందు విన్నది ఆవిడే."

నేను తొమ్మిదో కాలమ్‌లో "విన్నారు" అని రాశాను. పక్కన "అనర్హురాలు" అని రాశాను. నా దస్తూరీ బాగుంటుందని అందరూ అంటారు.

జగ్గమ్మ లేవలేదు. నా చేతిలో కలాన్ని చూస్తూ, ఆ పోయిన గొంతుతోనే అడిగింది.

"నా అరుపు ఇనపడినాది గదా బాబూ మీ కాయితానికి. నా మాట ఎందుకినబడదు?"

ఈ ప్రశ్న నోటిమాటగా వచ్చినందున, ప్రాపర్ ఛానల్ ద్వారా రానందున, ఫైలులో నమోదు చేయలేదు.